శుద్ధి సగమే... మిగతా సగం మన బిందెలో!

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చుట్టూ నీళ్లే. తాగడానికి మాత్రం క్యాను కోసం వెతుకులాట. డెల్టా పల్లెలకు ఈ ఇబ్బంది పాతదే. కాలువ నీటితో చెరువు నిండుతుంది, దాంతోపాటే విరేచనాలు తెచ్చే క్రిములూ చేరతాయి.

దీనికి చవకైన విరుగుడు చూపినవారు ముంబయిలో పుట్టిన శాస్త్రవేత్త అశోక్ గాడ్గిల్. 1990ల ఆరంభంలో బెంగాల్‌ను వణికించిన కలరా ఆయన్ను కదిలించింది. ఆయన తయారుచేసిన ‘యూవీ వాటర్‌వర్క్స్’ సుమారు 60 వాట్ల కరెంటుతో నిమిషానికి 15 లీటర్ల నీటిలోని క్రిములను అతినీలలోహిత కాంతితో నిర్వీర్యం చేస్తుంది. ఈ పరిజ్ఞానంతోనే అప్పటి కృష్ణా జిల్లా బొమ్మినంపాడులో ఊరుమ్మడి నీటి కేంద్రం వచ్చింది.

అయితే ఈ కాంతి ఉప్పునూ, ఫ్లోరైడ్‌నూ తీయదు. బురద నీటిని ముందే వడకట్టాలి. పైగా క్లోరిన్‌లా నీటిలో నిలిచి కాపాడదు. శుద్ధమైన నీరు మురికి క్యానులో పడితే మళ్లీ మొదటికే!

అందుకే మీ వీధి ప్లాంటులో ధరతోపాటు ఇవీ అడగండి: యూవీ దీపం ఎప్పుడు మార్చారు? నీటి పరీక్ష ఎప్పుడు చేయించారు? ఇంట్లో క్యాను, బిందె తరచూ కడగండి. గ్లాసు ముంచకండి. వరద రోజుల్లో నీటిని మరగకాచి, చల్లార్చి తాగండి.