మేయర్‌కు అందని అగ్నిమాపక అధికారం

ఎల్బీనగర్: మంటలార్పే ఉద్యోగి మేయర్ అయితే నగర భద్రత మెరుగుపడుతుందా? అమెరికాలోని మయామి-డేడ్ కౌంటీలో అది జరిగింది. కార్లోస్ హిమెనెజ్ 1975లో మయామి నగర అగ్నిమాపక శాఖలో చేరి, 1991లో దాని అధిపతి అయ్యారు. 2011 నుంచి 2020 వరకు కౌంటీ మేయర్‌గా ఉన్నారు. శివారు ప్రాంతాలకు సేవలందించే కౌంటీ అగ్నిమాపక శాఖ ఆయన పాలన కిందనే నడిచింది.

ఎల్బీనగర్‌లో అటువంటి అనుభవజ్ఞుడు గెలిచినా ఆ అధికారం దక్కదు. ఇక్కడి పురపాలక సంఘం 2007లో గ్రేటర్‌లో విలీనమైంది. నగరపాలక చట్టం ప్రకారం కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. అగ్నిమాపక కేంద్రాలు రాష్ట్ర ప్రభుత్వానివి. 74వ రాజ్యాంగ సవరణ (1992) పురపాలికలకు అప్పగించదగినవిగా పేర్కొన్న 18 అంశాల్లో అగ్నిమాపక సేవలున్నా, బదిలీ జరగలేదు.

దీంతో బాధ్యత రెండుగా చీలింది. 15 మీటర్లు, అంతకు మించిన వాణిజ్య భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం తప్పనిసరి. అంతకంటే తక్కువ ఎత్తున్న వాటి విషయంలో పురపాలక అనుమతులే కీలకం. దిల్‌సుఖ్‌నగర్‌లో వస్త్ర దుకాణాలు, శిక్షణ కేంద్రాలు, వసతి గృహాలు ఇటువంటి భవనాల్లోనూ నడుస్తున్నాయి.

చిన్న భవనమైనంత మాత్రాన ముప్పు తగ్గదు. 2025 మే 18న గుల్జార్‌హౌజ్‌లో 17 మందిని బలిగొన్నది రెండంతస్తుల భవనమే. బయటపడేందుకు ఉన్న ఇరుకు దారే ప్రాణాంతకమైంది.

కాబట్టి మేయర్ పూర్వవృత్తి కంటే, ఆ పదవికి ఉన్న అధికారమెంత అన్నదే అసలు ప్రశ్న. అగ్నిమాపక యంత్రం వచ్చేలోపు మెట్ల దారి ఖాళీగా ఉందో లేదో చూసే బాధ్యత ఎవరిదో ముందుగా తేలాలి.