రెండో పాట మాటేమిటి?

‘రాత్రికి రాత్రే స్టార్ అయిపోయింది’ అని రాయడం మా పత్రికలవాళ్లకు మహా సరదా. అమెరికా గాయని బిల్లీ ఐలిష్ గురించి ఆ మాట ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు. పదమూడేళ్ల పిల్ల, ఇంట్లో అన్న రికార్డు చేసిన పాట, నెట్‌లో పెట్టారు, లోకం ఊగిపోయింది. చెప్పడానికి హాయిగా ఉంటుంది, వినడానికి ఇంకా హాయి. కాకపోతే ఆ రాత్రికీ, ఆమె గ్రామీ అవార్డులు ఎత్తుకెళ్లిన రాత్రికీ మధ్య నాలుగేళ్ల పైచిలుకు ఉంది. కథంతా అక్కడే ఉంది. ఎవరూ చెప్పనిదీ అదే.

ముందు ఇల్లు చూద్దాం. లాస్ ఏంజెలెస్‌లో హైలాండ్ పార్క్ అనే పేట, రెండు పడకగదుల చిన్న ఇల్లు. గదులు రెండూ పిల్లలకు ఇచ్చేసి అమ్మానాన్నా హాల్లో పియానో పక్కన పడుకునేవారట. ఇద్దరూ నటులే, అయితే వేషాల కోసం తిరిగే రకం. తండ్రి వడ్రంగం, ఇంటి మరమ్మతులు కూడా చేసేవాడు. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. తల్లి మాగీ బేర్డ్ పిల్లలకు పాట కట్టడం నేర్పేది. పదకొండేళ్లప్పుడు బిల్లీ తన మొదటి పాట కట్టింది ఆ క్లాసులోనే, అదీ జాంబీల మీద! అప్పటికే మూడేళ్లుగా పిల్లల బృందగానంలో పాడుతోంది. గొంతు ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో అక్కడ పడిన పునాది.

అన్న ఫినియస్ ఆమెకంటే నాలుగేళ్లు పెద్ద. ‘ఓషన్ ఐస్’ అతను తన బ్యాండు కోసం రాసుకున్న పాట. చెల్లెలి డాన్సు మాస్టారు నాట్యానికి ఏదైనా పాట కావాలని అడిగితే, ఇది నీ గొంతుకైతే బాగుంటుందని ఆమెతో పాడించాడు. 2015 నవంబరులో సౌండ్‌క్లౌడ్ అనే పాటల సైట్‌లో పెట్టారు. ఎందుకనుకున్నారు? మాస్టారు డౌన్‌లోడ్ చేసుకోవడానికి. ఆయనొక్కడూ వింటాడనుకున్న పాటను రోజుల్లోనే ఊరూవాడా విన్నాయి. ఆ తర్వాత కొద్దికాలానికే డాన్సు క్లాసులో బిల్లీ తుంటికి గట్టి దెబ్బ తగిలి, డాన్సు మానుకోవలసి వచ్చింది. ఇక చేతిలో మిగిలింది పాటే.

ఇందులో అదృష్టం లేదా అంటే, బోలెడు ఉంది. దాన్ని దాచిపెట్టి ‘ప్రతిభ ఉంటే చాలు’ అనే ఉపన్యాసం నేనివ్వను. ఫినియస్ అప్పటికే ‘గ్లీ’ అనే టీవీ సీరియల్లో కనిపించినవాడు, అతనికొక మేనేజర్ ఉన్నాడు. పాట పాకుతోందని తెలియగానే ఆ మేనేజర్ రంగంలోకి దిగాడు. ఊరేమో లాస్ ఏంజెలెస్, పాటల కంపెనీలు చాలా అక్కడే ఉన్నాయి. ఆదిలాబాద్ అడవిలో ఏ గూడెంలోనో కూర్చుని అంతే బాగా పాడే పిల్లకు ఆ ఫోన్ వెళ్లదు. ఫోన్ వెళ్లినా, అవతలి మాట నమ్మాలో వద్దో చెప్పే మనిషి పక్కన ఉండరు.

అయితే అదృష్టం మొదటి పాటకు పనికొస్తుంది. రెండో పాటకు రాదు. 2016లో ఇంటర్‌స్కోప్ కంపెనీ నీడలో ఉన్న డార్క్‌రూమ్‌తో ఒప్పందం కుదిరింది. మామూలుగా అయితే తర్వాతి అంకం మనందరికీ తెలిసిందే. పేరున్న ప్రొడ్యూసర్ వస్తాడు, స్టూడియో బుక్ చేస్తాడు, ‘ఓషన్ ఐస్’ లాంటివే ఓ అరడజను చేసి పారేస్తాడు. ఈ అన్నాచెల్లెళ్లు మాత్రం ఇంట్లో అన్న గదిలోంచి కదల్లేదు. ఆమె మంచం మీద కూర్చుని పాడేది, అతను కంప్యూటర్ ముందు. 2017లో వచ్చిన ‘బెల్లీఏక్’లో కథ చెప్పేది ఓ హంతకి. సముద్రంలాంటి కళ్లకు మురిసిన అభిమానులు దాన్ని వింటూ ఏమనుకుని ఉంటారో!

వాళ్లు చప్పుళ్లు ఏరుకునే తీరు చూడండి. సిడ్నీలో రోడ్డు దాటేవాళ్ల కోసం సిగ్నల్ దగ్గర టకటకమనే చప్పుడుంటుంది కదా, దాన్ని ఫోన్లో పట్టుకొచ్చి ‘బ్యాడ్ గై’ తాళంలో కలిపారు. పళ్ల డాక్టరు దగ్గర మిషన్ గీరుతున్న రొద ‘బరీ ఎ ఫ్రెండ్’లోకి ఎక్కింది. ఆ పాటలున్న ఆల్బమ్ మొదలయ్యేదే, ఆమె పలువరస సరిచేసే ప్లాస్టిక్ తొడుగు నోట్లోంచి తీసిన చప్పుడుతో. లక్షల డాలర్ల స్టూడియోలో కూర్చున్న పెద్దమనిషి ఎవడైనా దాన్ని ఉంచనిచ్చేవాడా? కోసి పారేసేవాడు.

ఆ ఆల్బమ్ 2019 మార్చిలో వచ్చింది. ఆగస్టులో ‘బ్యాడ్ గై’ బిల్‌బోర్డ్ పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. 19 వారాలుగా అక్కడ తిష్ట వేసి దిగింది లిల్ నాస్ ఎక్స్ ‘ఓల్డ్ టౌన్ రోడ్’. అదీ నెట్‌లో పుట్టిన పాటే, ముప్ఫై డాలర్లకు కొన్న ట్రాక్ మీద కట్టింది. 2020 జనవరి 26న బిల్లీకి నాలుగు ప్రధాన గ్రామీలూ ఒకే రాత్రి దక్కాయి. అంతకుముందు అలా జరిగింది 1981లో క్రిస్టొఫర్ క్రాస్‌కి మాత్రమే. ఆమెకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. ప్రొడ్యూసర్ గ్రామీ అన్నకు వచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2018లో తూర్పుగోదావరి జిల్లా వడిశలేరులో పసల బేబి అనే కూలి మహిళ ‘ప్రేమికుడు’ సినిమా పాట పాడిన వీడియో ఏఆర్ రెహమాన్ దాకా వెళ్లింది. ఆయన దాన్ని పంచుకున్నారు, సన్మానాలు జరిగాయి, ‘పలాస 1978’లో పాట కూడా వచ్చింది. ఆ తర్వాత ఆమె పాట టైమ్‌లైన్‌లలో మోగింది తక్కువే. బెంగాల్‌లో పల్లీలమ్ముకునే భువన్ బద్యాకర్ సొంతంగా కట్టుకున్న ‘కచ్చా బాదామ్’ 2022లో దేశమంతటినీ ఊగించింది. ఏడాది తిరిగేసరికి, నా పాట నేనే పాడుకోలేకపోతున్నా, హక్కులు పోయాయని ఆయన వాపోవడం వార్త అయింది. చూసిన జనానికి కొదవలేదు. పక్కన కూర్చుని కాగితం చదివిపెట్టేవాళ్లే లేకపోయారు.

2024లో ‘రాను బొంబాయికి రాను’ రాసి, పాడి, అందులో ఆడిన రాము రాథోడ్ లాంటి కుర్రాళ్లు ఇప్పుడు తెలంగాణలో ఊరికొకరు ఉన్నారు. ఫోక్ సాంగ్ అంటే అది పెద్ద కుటీర పరిశ్రమ. వాళ్లకొచ్చే కామెంట్లు చూడండి: ‘అన్నా, సేమ్ ఇలాంటిదే ఇంకోటి’. యూట్యూబ్ కోరేదీ అదే. మొదటి పదిహేను సెకన్లలో పట్టు దొరక్కపోతే వేలు పైకి జరుగుతుంది. కాబట్టి రెండో పాట మొదటిదానికి జిరాక్సు కాపీ అవుతుంది, మూడోది దానికి. ఇందులో కుర్రాళ్ల తప్పు తక్కువ. ఇంట్లో అద్దె కట్టాలి కదా.

అద్దె మాట వచ్చింది కనుక డబ్బుల దగ్గరికే పోదాం. సాధారణంగా పాట ఛానెల్‌వాళ్లది. రాసినవాడికీ పాడినవాడికీ ముందే ఇంత అని చేతిలో పెడతారు, అక్కడితో సరి. వ్యూస్ కోట్లు దాటినా ఆ లెక్కతో వాళ్లకు పొత్తుండదు. ఇందులో మోసం ఉండనక్కర్లేదు, పెట్టుబడి పెట్టినవాడు లాభం చూసుకుంటాడు. చట్టం మాత్రం ఇంకో మాట చెబుతోంది. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం పాట రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు రాయల్టీ హక్కును కంపెనీకి రాసిచ్చినా అది చెల్లదు. సినిమా పాటకే కాదు, ప్రైవేటు పాటకూ అంతే. దాన్ని వసూలు చేసి పంచడానికి ఐపీఆర్‌ఎస్ అనే సంఘం ఉంది. సభ్యత్వం తీసుకుని, రాసిన పాటలను అక్కడ నమోదు చేయించుకోవాలి. మన జానపద రచయితల్లో ఎంతమంది ఆ పని చేశారో నాకు సందేహమే. తర్వాతి ఫోక్ సాంగ్ నచ్చితే షేర్ చేసే ముందు కింద డిస్క్రిప్షన్ తెరిచి, రాసినవాళ్ల పేరు ఉందో లేదో చూడండి.