యంత్రానికి తెలుగు రాదట!

“యంత్రానికి తెలుగు రాదండీ, ఇంగ్లీషులో కొట్టించుకోండి.”

స్టీలు సామాన్ల కొట్టులో లేజర్ మార్కింగు యంత్రం ముందు నిలబడి తెలుగులో పేరు వేయమని అడిగిన ప్రతిసారీ నాకు ఎదురైన సమాధానమిది. యంత్రం అమ్మినవాడు కొట్టు యజమానికి చెప్పాడు, యజమాని మనకు చెబుతున్నాడు, వినీ వినీ మనమూ నమ్మేస్తున్నాము. యంత్రానికి తెలుగు రాకపోవటమేమిటి? దానికి ఇంగ్లీషు మాత్రం వచ్చునా? దానికి తెలిసినది గీత ఒక్కటే. తెలుగు రానిది దానిని నడిపే సాఫ్ట్‌వేరుకు. తెలుగు పట్టనిది ఆ సాఫ్ట్‌వేరును వ్రాసినవారికీ, అమ్మినవారికీ.

ఇంత చిన్న విషయానికి ఇంత ఆవేశమా అనుకునేవారికి ఒక మనవి. మన ఇళ్ళలో గిన్నె మీది పేరు అలంకారం కాదు. పెళ్ళికి పెట్టిన బిందె మీద పెట్టినవారి పేరూ తేదీ ఉంటాయి. గతించిన పెద్దల జ్ఞాపకార్థం పంచిన పళ్ళెం మీద వారి పేరు ఉంటుంది. ఇంట్లో మరెక్కడా వ్రాసి లేని చరిత్ర వంటింటి అటక మీద దొరుకుతుంది. కరెంటు పెన్నుతో చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టిన పాతకాలపు పనివాడు వత్తులూ, గుడిదీర్ఘాలూ తప్పకుండా కొట్టేవాడు. లక్షలు పోసి కొన్న యంత్రం వచ్చాక ఆ పేర్లు ఇంగ్లీషులోకి మారిపోతున్నాయి. పైగా ఉక్కు మీద కాల్చిన అక్షరాన్ని దిద్దుకునే వీలు లేదు.

ఒక బంధువుల కొట్టులో 20 వాట్ల ఫైబర్ లేజర్ యంత్రానికి సాఫ్ట్‌వేరు అమర్చినప్పుడు నేను దగ్గరుండి ఆ పనిలో పాలుపంచుకున్నాను. ముందుగా నియంత్రణ బోర్డుకు డ్రైవరు ఎక్కించాలి. తరువాత ఆ యంత్రానికే ప్రత్యేకమైన సవరణ ఫైలును సాఫ్ట్‌వేరుకు చూపించాలి. కిరణాన్ని రెండు చిన్న అద్దాలు తిప్పుతాయి, ఒక కటకం దానిని రేకు మీద కేంద్రీకరిస్తుంది. సవరణ లేకపోతే చతురస్రం అంచులు వంకర పోతాయి. అందుకని రేకు మీద 100 మిల్లీమీటర్ల చతురస్రం గీయించి, వెర్నియర్‌తో నాలుగు వైపులా కొలిచి, తేడాను సరిచేయాలి. అమ్మకందారు పంపిన మనిషి ఈ పని ఎంతో శ్రద్ధగా చేశాడు. అర మిల్లీమీటరు తేడా వస్తే ఊరుకోలేదు. ఆ మనిషే, “లక్ష్మి” అని టైపు చేసినప్పుడు తెర మీద క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి విడివిడిగా వరుసలో నిలబడితే, “ఇది ఇంతేనండీ” అని చేతులు దులుపుకున్నాడు. అర మిల్లీమీటరు తేడా తప్పు, అక్షరం ముక్కలు కావటం ఒప్పు!

ఇలా ఎందుకు జరుగుతుందో యూనికోడుతో పరిచయం ఉన్న మీకు వేరే చెప్పనక్కరలేదు. “లక్ష్మి” అనే మాటలో ఏడు సంకేతాలున్నాయి. వాటిని చూసి ఏది వత్తు కావాలో, గుణింతపు గుర్తు ఎక్కడ కూర్చోవాలో ఖతిలోని నియమాల ప్రకారం తేల్చే పనిముట్టు ఒకటి మధ్యలో ఉండాలి. ఈ సాఫ్ట్‌వేరు ఆ పనిముట్టును పిలవదు. ఒక్కొక్క సంకేతానికి ఒక్కొక్క బొమ్మ తీసుకొని పక్కపక్కన పేర్చుతుంది. మన ఊళ్ళకు వచ్చే చిన్న యంత్రాలలో చాలాభాగం చీనావి. చీనా లిపిలో అక్షరాలు వేలకొద్దీ ఉన్నా, ఒక సంకేతానికి ఒక బొమ్మ చాలు. కనుక వారికి ఈ లోటు కనబడదు. కనబడవలసినది ఇక్కడ అమ్మేవారికి. వారు చూడదలచుకోలేదు.

పట్టుబట్టి అడిగితే అమ్మకందారు చూపించే మార్గం ఇంకా విడ్డూరమైనది. యూనికోడుకు ముందటి ఖతి ఒకటి పట్టుకొస్తాడు. అందులో ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలు దాగి ఉంటాయి. వాటితో పేరు సరిగానే పడుతుంది, నిజమే. కానీ ఆ ఖతిలో చేసిన జాబితా మరో కంప్యూటరులో పిచ్చిగీతలవుతుంది. ఫోనులో వచ్చిన తెలుగు పేరును అందులో నేరుగా అతికించటానికి వీలుండదు. ఏ చెర నుండి తెలుగును విడిపించటానికి మనమంతా కీబోర్డులు అరగదీశామో, ఆ చెరలోకే మళ్ళీ పొమ్మంటున్నారు.

సరైన దారి లేదా అంటే, ఉన్నది. ఖర్చు కూడా లేదు. ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో యూనికోడు తెలుగు చక్కగా కూర్చుంటుంది. అక్కడ పేరు టైపు చేసి, దానిని గీతలుగా మార్చి, అక్షరానికీ గుణింతానికీ ఒకదాని మీద ఒకటి పడిన గీతలను యూనియన్ ఆదేశంతో కలిపివేయాలి. ఈ మెట్టు దాటవేస్తే, నింపుడు గీతలు వేసేటప్పుడు ఆ అతుకుల దగ్గర ఖాళీ మచ్చలు మిగులుతాయి. తరువాత డీఎక్స్ఎఫ్ ఫైలుగా దాచి, మార్కింగు సాఫ్ట్‌వేరులోకి తెచ్చుకోవాలి. మా బంధువుల కొట్టులో ఇప్పుడు “లక్ష్మి” నిండుగా, ముద్రించినంత చక్కగా పడుతున్నది.

“మరి పని జరిగిపోతున్నది కదా, ఇంకా ఈ గొడవ దేనికి?” అని అడగవచ్చు. ఒక్క పేరుకైతే జరుగుతుంది. ఉపనయనానికి మూడు వందల గిన్నెల మీద మూడు వందల పేర్లు వేయాలంటే? ఇంగ్లీషు పేర్లయితే జాబితా ఫైలు ఇస్తే చాలు, సాఫ్ట్‌వేరే ఒక్కొక్కటీ తీసుకొని వేసుకుంటూ పోతుంది. తెలుగు పేర్లయితే మూడు వందల బొమ్మలు చేసుకోవాలి. ఆ శ్రమకు కొట్టువాడు ఎక్కువ అడుగుతాడు, అడగటం న్యాయమే. అప్పుడు గృహస్థు ఇంగ్లీషే చాలంటాడు. ఎవరూ నిషేధించకుండానే తెలుగు తప్పుకుంటుంది.

“తెలుగుకు అంత గిరాకీ ఎక్కడిదండీ?” అనేది తరువాతి వాదన. 2011 జనాభా లెక్కలలో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు 8 కోట్ల పైచిలుకు. గిరాకీ లేదనటం కంటే, అడిగినవారిని వెనక్కి పంపి గిరాకీ లేకుండా చేశారనటం సబబు. ఇక సాంకేతికమైన సాకు అసలే నిలబడదు. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ అనే పనిముట్టు ఉచితంగా, మూలంతో సహా దొరుకుతుంది. ఫైర్‌ఫాక్సూ, ఆండ్రాయిడూ, లిబ్రెఆఫీసూ దానినే వాడుకుంటున్నాయి. చేతిలోని ఫోనుకు వచ్చిన తెలుగు లక్షల యంత్రానికి రాదంటే నమ్మటానికి మనమేమైనా పసివాళ్ళమా?

కనుక మీ ఎరుకలో ఎవరైనా ఇటువంటి యంత్రం కొనబోతుంటే ఒక్క మాట చెప్పండి. చతురస్రం కొలిచినట్టే తెలుగునూ కొలవమనండి. డబ్బు చేతికిచ్చే ముందు “శ్రీలక్ష్మి, కృష్ణమూర్తి, జ్యోత్స్న” అనే మూడు పేర్లు ఆ సాఫ్ట్‌వేరులోనే టైపు చేసి, రేకు మీద వేసి చూపించమని అడగమనండి. ముక్కలుగా పడితే, సరిచేసి ఇచ్చేదాకా చివరి వాయిదా ఆపమనండి. లిపి గొప్పతనం గురించి మనం ఎన్ని టపాలు వ్రాసినా వినని అమ్మకందారుకు ఆగిపోయిన వాయిదా చప్పున వినబడుతుంది.