రాత్రిపూట కన్ను చేసే మోసం

విమానం నడిపేవారికి కళ్ళు పరీక్షించనిదే లైసెన్సు ఇవ్వరు. అటువంటి నిక్షేపంలాంటి కళ్ళున్నవారు కూడా చిన్న విమానాన్ని రాత్రిపూట దించడం అభ్యాసం చేస్తూ, దీపాల రన్‌వే ఎదురుగా కనిపిస్తూ ఉండగానే, దానికి ఇవతలే నేలను ఢీకొన్న సందర్భాలు కద్దు. ఎందుకంటారా?

కింద పొలం, చెట్టు, ఇల్లు ఏదీ కనిపించదు. ఎదురుగా దీపాల వరుస ఒక్కటే. ఎత్తును పోల్చి చూసుకోవడానికి కంటికి ఆధారం ఉండదు. ఉన్నదానికన్నా ఎత్తున ఉన్నామన్న భ్రమ కలిగి, ఇంకా కిందికి దించుతారు. అందుకే కంటిని కాదు, ఎత్తు చూపే మీటరును నమ్మమని నేర్పుతారు.

చెవి కూడా తక్కువేమీ కాదు. లోపలి చెవిలో మూడు వంపు గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తల తిరిగితే ద్రవం కదిలి మెదడుకు కబురందుతుంది. మలుపు ఒకే తీరున సాగితే, కొన్ని సెకన్లకు ద్రవమూ గొట్టంతోపాటే తిరుగుతుంది. తిన్నగా పోతున్నామనే అనిపిస్తుంది. 1999 జూలై 16 రాత్రి అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కుమారుడు సొంత విమానం నడుపుతూ సముద్రంలో కూలిపోయాడు. ఆయనతోపాటు భార్య, ఆమె అక్క మరణించారు. యంత్రంలో లోపం కనిపించలేదు. చీకట్లో నీరేదో నింగేదో తెలియక అదుపు తప్పాడని దర్యాప్తులో తేల్చారు.

మాకెందుకీ విమానాల గొడవ అనకండి. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు రాత్రి మోటారు సైకిలు మీద వెళ్ళేవారికీ ఉన్నది ఈ కళ్ళే. వెనక దీపం లేని పత్తి ట్రాక్టరు ఎంత దూరాన ఉందో, ఆగి ఉందో, కదులుతోందో చెప్పడం వాటి తరం కాదు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది. ఎదురు లారీ లైటు ఆ అలవాటును క్షణాల్లో చెరిపేస్తుంది. దుకాణంలో ట్యూబులైటు కింద లెక్కలు చూసుకుని, సెల్‌ఫోను చూస్తూ వచ్చి వెంటనే బండి తీయకండి. కాసేపు చీకట్లో నిలబడండి. ఎదురు లైటు పడితే వేగం తగ్గించి, రోడ్డు ఎడమ అంచును చూడండి. సిగరెట్టు పొగ రాత్రి చూపును ఇంకా తగ్గిస్తుంది. యాభై దాటిన మావంటివారికి చీకట్లో కంటిపాప మునుపటంత విచ్చుకోదు. శుక్లం మొదలైతే ఎదురు వెలుగు చెదిరి కళ్ళు జిగేలుమంటాయి.

గడచిన 90 రోజుల్లో రాత్రివేళ కనీసం మూడుసార్లు విమానం లేపి దించినవాడే రాత్రి ప్రయాణికులను ఎక్కించుకోవాలని అమెరికాలో నిబంధన. మన బండి లైసెన్సుకు రాత్రి పరీక్ష ఎవరు పెడుతున్నారు?

ఇక రేచీకటి సంగతి. మసక పడగానే తడుముకునేవారికి 'ఏ' విటమిను ఇస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. పసిపిల్లల్లో ఆ లోపం వల్ల వచ్చినదైతే సరే. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు కూడా పెట్టండి. కాని మేనరికాలు ఎక్కువైన మన సీమలో వంశపారంపర్యంగా వచ్చే రేచీకటి ఇంకొకటి ఉంది. అది మామూలు విటమిను బిళ్ళలకు నయం కాదు. పోను పోను పక్కచూపు కూడా తగ్గుతుంది. అటువంటి కుర్రవాడి చేతికి రాత్రి బండి తాళం ఇవ్వకండి. సంబంధాలు తప్పిపోతాయని దాచకుండా కంటి డాక్టరుకు చూపించండి. గర్భిణులు మాత్రం డాక్టరు చెప్పనిదే 'ఏ' విటమిను పెద్ద మోతాదుల్లో మింగరాదు. కడుపులోని బిడ్డకు హాని.