సాయం రైతుకా, కాగితానికా?

అమెరికా అనగానే మన హాస్టల్ గదుల్లో వీసాలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మాటలే సాగుతాయి. అక్కడా అప్పుల్లో కూరుకుపోయిన చిన్న రైతులున్నారనీ, వాళ్ల కష్టం మన అమ్మానాన్నల కష్టానికి చుట్టమేననీ మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో వాళ్ల సంగతి రాస్తున్నాం.

2020లో కరోనాతో హోటళ్లు, బడులు మూతపడ్డాక అక్కడి రైతులు పాలు పారబోశారు, కూరగాయలను పొలంలోనే దున్నేశారు. ప్రభుత్వం రైతులకు నేరుగా సొమ్ము ఇచ్చేందుకు ఏప్రిల్‌లో 1,600 కోట్ల డాలర్లు, సెప్టెంబరులో మరో 1,400 కోట్ల డాలర్ల వరకు ప్రకటించింది. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా లాంటిది. రైతు ఆ కౌంటీ వ్యవసాయ కార్యాలయంలోనే దరఖాస్తు పెట్టుకోవాలి. ఎన్ని పశువులు, ఎంత మొక్కజొన్న, ఎన్ని ఎకరాలు అనే లెక్కమీదే సాయం. అంటే పెద్ద కమతానికి పెద్ద సాయం! మనిషికి రెండున్నర లక్షల డాలర్ల వరకు, కంపెనీగా నమోదైన కమతానికైతే ఏడున్నర లక్షల వరకు ఇవ్వవచ్చన్నారు.

నిబంధనల్లో ఎక్కడా తెలుపు, నలుపు అనే మాట లేదు. ఫలితం మాత్రం చూడండి. 2017 వ్యవసాయ గణనలో ప్రతి వెయ్యిమంది రైతుల్లో సుమారు 14 మంది నల్లజాతివారు. కరోనా సాయంలో వారికి అందింది వెయ్యి డాలర్లకు ఒక్క డాలరు. ఈ లెక్క 2021 మార్చిలో అప్పటి వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్ స్వయంగా చెప్పిందే. 1920లో తొమ్మిది లక్షలకు పైగా ఉన్న నల్లజాతి రైతులు 2017 నాటికి యాభై వేల లోపుకు పడిపోయారు. అప్పు కోసం వెళితే తిప్పి పంపడం, అదును దాటాక మంజూరు చేయడం కౌంటీ కార్యాలయాల్లో తరాలుగా సాగింది. తిమోతి పిగ్‌ఫోర్డ్ అనే రైతు, తోటి రైతులు వేసిన దావా 1999లో రాజీకి వచ్చి, వంద కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెల్లించాల్సి వచ్చింది. దీనికి తోడు వీలునామా లేని తాతల భూమికి వారసులందరూ హక్కుదారులే, దున్నేవాడి చేతిలో కాగితం ఉండదు. (ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ?)

2021లో వివక్షకు గురైన జాతుల రైతుల అప్పులు తీర్చడానికి సుమారు 400 కోట్ల డాలర్లతో చట్టం చేస్తే, తెల్ల రైతులు కోర్టుకెక్కారు. జూన్‌లో అది ఆగింది, 2022 ఆగస్టులో రద్దే అయింది. దాని బదులు జాతి ప్రస్తావన లేకుండా తెచ్చిన పథకం కింద 43 వేలమందికి పైగా సాయం ప్రకటించేసరికి 2024 జూలై వచ్చింది.

ఇక మన సంగతి. 2020 మార్చిలో హాస్టళ్లు మూసి మనల్ని ఇళ్లకు పంపారు. ఏప్రిల్‌లో పీఎం కిసాన్ రెండు వేలు పడింది పేరున భూమి ఉన్నవారికే. తెలంగాణలో అప్పటి రైతుబంధు పట్టాదారుకే అందింది. కౌలుకు దున్నే మన నాన్నలు ఏ జాబితాలోనూ రైతులు కారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులనూ రైతు భరోసాలో చేర్చారు. మంచి నిర్ణయమే, కాదనం. కానీ అదే ఏడాది తెచ్చిన చట్టం సాగు హక్కు పత్రానికి భూయజమాని సంతకం తప్పనిసరి చేసింది. సంతకం పెడితే భూమి చేజారుతుందని ఆయన భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలుకివ్వరని నాన్న భయం.

2011 నాటి చట్టంలో ఆ సంతకం అవసరమే లేదు. మళ్లీ అలాగే, ఊరి సాక్ష్యంతోనే సాగుదారుని పేరు నమోదు చేయాలన్నది మా అభిప్రాయం. సంక్రాంతి సెలవులకు వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరం ఒక నోటుపుస్తకం తీసుకెళదాం. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో, ఎవరు దున్నుతున్నారో రాసుకొద్దాం. మన పాత విద్యార్థుల్లో రెవెన్యూ ఉద్యోగులున్నారు, వకీళ్లున్నారు. అన్నలూ, అక్కలూ, ఆ లెక్కలు ముందుగా మీకే చూపిస్తాం.