అడగని సలహాలు, హీలో ప్రయాణం

సంపాదకులు గారు ఈ సంచికకి మధుమేహం గురించి రాయమన్నారు. మధుమేహం ఎక్కడికీ పోదు, వచ్చే సంచికలో రాస్తాను. ఈసారి మన సంఘంలో అంతకంటే ఎక్కువగా ప్రబలిన మరో జబ్బు గురించి రాయనివ్వండి. అడగకుండా సలహా చెప్పడం.

విషయం మీలో చాలామందికి తెలిసిందే. వచ్చే వేసవిలో మేము మిచిగన్ వదిలి హవాయి రాష్ట్రంలో పెద్దదీవి మీదున్న హీలో అనే ఊరికి వెళ్తున్నాం. అక్కడ నాకు ఇంటర్నల్ మెడిసిన్‌లో ఉద్యోగం దొరికింది. సంక్రాంతి విందులో ఈ మాట ఒక్క అక్కయ్యగారితో అన్నాను. పులిహోర పెట్టించుకుని కాఫీ బల్ల దగ్గరికి వెళ్ళేసరికి పదకొండు మంది అభిప్రాయాలు చెప్పేశారు. పాలు ఎంతో తెలుసా? గుడి ఉందా? పిల్ల చదువు ఏం గాను? సెలవులకి పోయే చోటికి కాపురానికి పోతారుటండీ? ఇందులో విశేషం ఏమిటంటే, ఉద్యోగం నాదైనా సలహాలన్నీ మా వారికి. “మీరైనా చెప్పకూడదా?” అంటున్నారు ఆయనతో. నేను పక్కనే ప్లేటు పట్టుకుని నుంచున్నాను.

ఎందుకు వెళ్తున్నారని మాత్రం ఒక్కరూ అడగలేదు. రోగి నోరు విప్పకముందే మందు రాసే డాక్టరుని మనం ఏమంటాం?

ఖరీదు సంగతి నిజమే, కాదనను. దీవిలో తినే తిండిలో ఎనభై అయిదు శాతం పైగా బయటినుంచి రావాలి. పైగా 1920 నాటి జోన్స్ చట్టం ప్రకారం అమెరికా రేవుల మధ్య సరుకు మోసే ఓడ అమెరికాలో కట్టినదై, అమెరికా వాళ్ళదై ఉండాలి. అటువంటి ఓడలు తక్కువ, కిరాయి ఎక్కువ. కరెంటు ధర దేశంలోకెల్లా హెచ్చు. ఇవన్నీ మేము నాలుగు నెలలు వంటింటి బల్ల మీద లెక్కలు కట్టాకే సంతకం పెట్టాం. అయినా నాకు వినిపించిన ఇంటి ధరలన్నీ హోనొలూలూవి. అక్కడ మధ్యస్థపు ధర 2021లో పది లక్షల డాలర్లు దాటిన మాట వాస్తవం. కాని హోనొలూలూ వేరే దీవి, విమానం ఎక్కి వెళ్ళాలి. బాపట్లలో ఇల్లు చూసుకుంటున్న వాడికి బంజారాహిల్స్ ధర చెప్పి బెదిరించినట్టుంది. ఇక గుడి మాట. కవాయి దీవిలో శివాలయం ఉంది. అదీ దగ్గరేం కాదు, ఒప్పుకుంటాను.

మరో సంగతి గుర్తు చేస్తాను. జె-1 వీసా మీద వచ్చిన డాక్టర్లు ఇక్కడే ఉండిపోవాలంటే 1994 నుంచి కాన్రాడ్ పథకం కింద వైద్యులు చాలని ఊళ్ళో మూడేళ్ళు పనిచేయవచ్చు. మనలో ఎంతమంది అలా వెస్ట్ వర్జీనియా కొండల్లో, మిసిసిపీ పత్తిచేల మధ్య ఉండి రాలేదు? కంది పప్పు కోసం మూడు గంటలు కారు నడిపిన రోజుల్ని నవ్వుకుంటూ చెప్పుకుంటాం. అప్పుడు “గుడి ఉందా” అని అడిగినవాళ్ళు లేరు. చివర గ్రీన్‌కార్డు కనిపిస్తోంది కదా. గ్రీన్‌కార్డు లేకుండా, పనిమీద ఇష్టంతో పోతే పిచ్చి.

నిరుడు నాలుగు వారాలు హీలోలో తాత్కాలికంగా పనిచేశాను. కొన్ని రకాల స్పెషలిస్టుల కోసం అక్కడి రోగులు విమానమెక్కి హోనొలూలూ వెళ్ళిరావాలి. డెబ్భై ఏళ్ళ పెద్దాయన తన జబ్బు కథ చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, “నువ్వూ వెళ్ళిపోతావా?” అన్నాడు. వెళ్తున్నది అందుకు.

నాకు పనికొచ్చిన సలహా ఒకటుంది. మా వార్డులో హీలోలో పెరిగిన నర్సు ఒకావిడ ఉంది. ఆవిడ ముందు ఎందుకని అడిగింది, తరవాత ఎన్నాళ్ళుంటావని అడిగింది. ఆ పైన చెప్పింది: వానలకి చెప్పులు బూజు పడతాయి, కోకీ కప్పల అరుపుకి మొదటి నెల నిద్ర పట్టదు, ఆకుకూరలు ఒక్కో ఆకూ విప్పి కడుక్కో. ఈ చివరిది డాక్టర్లకీ అవసరమే. చిన్న నత్తల ద్వారా ఎలుక ఊపిరితిత్తుల పురుగు మనిషి మెదడు దాకా పోతుంది. గోంగూర వండినా, కొత్తిమీర పచ్చిగా చల్లుతాం కదా.

ఆవిడే ఇంకో మాట అంది. బయటివాళ్ళు వచ్చి ఇళ్ళు కొంటూంటే పుట్టినవాళ్ళు అద్దెలు కట్టలేక లాస్ వేగస్ పోతున్నారని. 1893లో రాణిని దించి, 1898లో అమెరికాలో కలుపుకున్న నేల అది. నా ప్రయాణానికి ఇంతకంటే గట్టి అభ్యంతరం లేదు. పదకొండు మందిలో ఒక్కరికీ అది తోచలేదు. అద్దెకే ఉంటాం, ఇల్లు కొనం అన్నాను. అది పూర్తి జవాబు కాదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

అడగని సలహాలకి ఇప్పుడు నేను చేస్తున్న వైద్యం ఇది. “ఎందుకు వెళ్తున్నామో చెప్పనా, అన్నయ్యగారూ?” అంటాను. సగం మంది పకోడీల వైపు చూస్తారు. నిలబడి విన్నవాళ్ళు ఇద్దరు. ఒకరు విని కూడా తప్పే అన్నారు. ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

ఇంతవరకూ నవ్వుకునే సంగతే. కాని మా అమ్మకి నేను చెప్పకముందే ఇక్కడినుంచి ఎవరో అవనిగడ్డకి ఫోను చేసి, మీ అమ్మాయి అగ్నిపర్వతం పక్కకి పోతోందన్నారు. మా అమ్మ 1977 ఉప్పెన కళ్ళారా చూసిన మనిషి. రెండు రాత్రులు నిద్రపోలేదు. 2018లో కిలవేయా లావాకి ఏడువందల ఇళ్ళు పోయింది నిజం, అవి పూనాలో, హీలోలో కాదు. హీలోకి భయం లావాకంటే సముద్రంతో. 1960 సునామీలో అరవై ఒక్కమంది పోయారు. ఇది అమ్మకి నేనే చెప్పుకోవలసిన మాట, చెప్పాను కూడా.

ఆ ఫోను చేసినవారెవరో నాకు తెలుసు. పేరు రాయను. మళ్ళీ ఒకసారి ఫోను చేసి, హీలోలో చేమదుంపలు, మునగాకు దొరుకుతాయనీ, అవనిగడ్డలో పొద్దున్న తొమ్మిదైతే అక్కడ ముందురోజు సాయంత్రం అయిదున్నరనీ, అమ్మాయి డ్యూటీ దిగి రోజూ మాట్లాడగలదనీ ఆవిడతో చెప్పండి.