రోగము లేని కోడి సంతలో దొరకదు

మన వాషర్‌మెన్‌పేటలో పెరడు సన్నగిల్లినది గాని, నాలుగు కోళ్ళను పెంచవలెనన్న కోరిక సన్నగిల్లలేదు. మేడమీదనో, మెట్ల క్రిందనో గూడు కట్టి, పిల్లలకు దినమున కొక గ్రుడ్డైనను దొరకునని ఆశపడు గృహిణులు మనలో పెక్కుమంది గలరు. ఆశ మంచిదే. అయితే కోళ్ళను తెచ్చిన పక్షము దినములకే గూడు ఖాళీ యైనదని వినుటయు అరుదు కాదు. ఇందు దోషము తరచుగా పెంపకమున గాక కొనుగోలునందే యున్నదని నా యభిప్రాయము.

గజము గుడ్డ కొన్నను మనము వెలుతురులో పట్టి చూతుము. వీశెడు పప్పు కొన్నను గుప్పెట పట్టి రాళ్ళు వెదకుదుము. కోడిని మాత్రము ఈకల రంగును, అమ్మువాని మాటను నమ్మి కొందుము. "దీనికి ఏ రోగమును లేదు" అని ప్రమాణము చేయువాడు అబద్ధమాడుచున్నాడని నేననను. ఆ సంగతి అతనికిని తెలియదు. కొక్కెర తెగులు సోకిన కోడి కొన్ని దినముల వరకు ఏ లక్షణమును చూపకుండ మేత మేయుచు తిరుగవచ్చును. నాలుగూళ్ళ కోళ్ళను ఒకే గంపలో క్రుక్కిన సంతలో, ఉదయము ఆరోగ్యముగా నున్న కోడి సాయంకాలమునకు రోగమును మోసికొని మన యింటికి రావచ్చును.

ఈ తెగులును 1926లో ఇంగ్లాండునందలి న్యూకాసిల్‌లో గుర్తించిరి. కొలది కాలమునకే కుమావూ కొండలలోని రాణిఖేత్‌లో బయటపడుటచే మన దేశమున దానికి రాణిఖేత్ వ్యాధి యని పేరు వచ్చెను. సోకిన పిమ్మట దీనికి మందు లేదు. ముందుగా వేయించిన టీకాయే రక్ష. పుల్లోరము అను తెల్లపారుడు రోగము వేరొక విధమైనది. అది తల్లికోడి నుండి గ్రుడ్డు ద్వారానే పిల్లకు సంక్రమించును. అందుచే తల్లికోళ్ళ రక్తమును పరీక్షించు చోటనే పిల్లలను కొనవలెను. అమెరికాలో ఇట్టి పరీక్షలకై 1935లోనే జాతీయ ప్రణాళిక నేర్పరచిరి.

కావున కొనువాడు అడుగవలసిన ప్రశ్నలు మూడు. తల్లికోళ్ళకు పరీక్ష జరిగినదా? పొదిగిన దినముననే పిల్లలకు మారెక్స్ టీకా వేసిరా? పిల్లలన్నియు ఒకే చోట, ఒకే దినమున పొదిగినవేనా? వీనికి జవాబు చెప్పగలవారు మనకు దూరమున లేరు. మాధవరములో పశువైద్య విశ్వవిద్యాలయ మున్నది. వేపేరిలో 1903లో స్థాపింపబడిన పశువైద్య కళాశాల యున్నది. అచ్చట విచారింపక సంతకు పోవుట వెన్న చేతబెట్టుకొని నేతికై తిరుగుట కాదా?

"మా అమ్మమ్మ యే టీకా వేయించినది?" అని కొందరందురు. ఎండకాలమున తెగులు తగిలి ఊరి కోళ్ళన్నియు రాలిపోవుటయు ఆ అమ్మమ్మ లెరిగినదే. అదిగాక నేడు బర్డ్ ఫ్లూ భయము గలదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో అది బయటపడెను. మనలో అనేకులకు ఆ జిల్లాలో బంధువులున్నారు. చుట్టపు చూపునకు పోయి కోడిని సంచిలో పెట్టుకొని వచ్చు అలవాటును మానవలెను. కోళ్ళు ఉన్నట్టుండి చచ్చినచో వానిని తినరాదు, అమ్మరాదు, కాలువలో పారవేయరాదు. వెంటనే పశువైద్య శాఖవారికి తెలుపవలెను. ఈ రోగము మనుష్యులకును సోకగలదు.

ఇక అసలు చిక్కు చెప్పెదను. కొక్కెర తెగులు టీకా సీసా సామాన్యముగా నూరు కోళ్ళకో, అంతకు మించియో సరిపడునట్లు వచ్చును. దానిని చల్లగా నుంచి, కలిపిన రెండు గంటలలోపల వాడవలెను. ఆరు కోళ్ళున్న గృహస్థు అంత సీసాను కొని ఏమి చేయును? ఖర్చు దండుగని మానివేయును. అతని కోడి చచ్చినచో ప్రక్కింటి కోడియు చచ్చును.

ఇది ఒక్కరివలన తీరు చిక్కు కాదు, సంఘము తలపెట్టిన తీరును. కోళ్ళు పెంచదలచిన కుటుంబముల పట్టిక నొకటి వ్రాయుదము. అందరికిని ఒకే చోటినుండి, ఒకే దినమున పిల్లలను తెప్పింతము. మొదటి వారమున కంటిలో చుక్కయు, నాలుగవ వారమున మరల చుక్కయు, ఎనిమిదవ వారమున రెక్క క్రింద సూదియు పశువైద్యుని సలహాపై ఒకే ఉదయమున అందరి కోళ్ళకును వేయింతము. ఒక సీసా ఇరువది యిండ్లకు చాలును. తరువాత ఎవరైన క్రొత్త కోడిని తెచ్చినచో, నెల దినములు వేరు గూటిలో నుంచిన పిమ్మటనే పాతవానితో కలుపవలెను.

ఇందుకు పెద్ద మూలధన మక్కరలేదు, ఒకరి మాట ఒకరు నమ్మిన చాలును. సమ్మతించు సభ్యులు వచ్చు సమావేశమున తమ పేరును, కావలసిన పిల్లల సంఖ్యను వ్రాయింప ప్రార్థన.